ఈశాన్య వానలకు ముందు పాత సామాన్ల అంగడికి ఏమి వేయవచ్చు, ఏమి వేయకూడదు: కొన్ని జాగ్రత్తలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలైన వానాకాలం అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా సాగుతుంది. నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం కురిసే వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే పడుతుంది. సరిగ్గా దానికి ముందే దసరా, దీపావళి పండుగలకు ఇళ్లు దులుపుతాము. అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న పాత టీవీ, ఉబ్బిన ఫోను బ్యాటరీలు, మాడిపోయిన ట్యూబ్‌లైట్లు, పనిచేయని ఇన్వర్టరు కిందికి దిగుతాయి. పాత సామాన్లు కొనేవారు వచ్చినప్పుడు వేద్దామని వాటిని పెరట్లోనో వరండాలోనో మెట్ల కిందనో పెడతాము. చాలాసార్లు వారికంటే ముందే వాయుగుండం వస్తుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు లోతట్టు కాలనీలలోకి నీళ్లు వచ్చినప్పుడు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది మట్టికట్ట సైతం కొట్టుకుపోయింది. అంతటి నీటికి నేల మీద పెట్టిన బ్యాటరీ, పురుగుమందు డబ్బా ఒక లెక్క కాదు. అవి పక్కింటి బావి దగ్గర తేలవచ్చు, పొలంలో తేలవచ్చు. అందుచేత ఈ సామాన్లను వానలు మొదలుకాకముందే, వేటిని ఎక్కడికి పంపాలో తెలుసుకొని ఇంటి నుంచి పంపివేయాలి.

పాత సామాన్ల అంగడిని నేను తక్కువ చేసి చెప్పడం లేదు. అట్టపెట్టెలు, ఇనుము, ఇత్తడి, అల్యూమినియం, గట్టి ప్లాస్టిక్, సీసాలు మళ్లీ కర్మాగారం చేరుతున్నాయంటే అందుకు కారణం ఆ అంగళ్లూ, వాటికి సరుకు తెచ్చే తోపుడుబండ్ల వాళ్లూనే. అయితే అక్కడ తూకం తర్వాత జరిగే పని దాదాపు అంతా ఉత్త చేతులతోనే జరుగుతుంది. పాత డబ్బా టీవీనే తీసుకోండి. దాని వెనక మెడకు చుట్టి ఉన్న రాగి తీగ కోసం సుత్తితో ఆ మెడను పగలగొడతారు. లోపల గాలి లేని గాజు గొట్టం కనుక పగిలిన క్షణంలో ముక్కలు ఎగిరిపడతాయి. ఆ గాజులో సీసం ఉంటుంది, తెర లోపలి పూత పొడి ఊపిరిలోకి పోతుంది. అలాగే వైర్ల లోపలి రాగి కోసం పై ప్లాస్టిక్‌ను కాలుస్తారు, ఆ పొగలో డయాక్సిన్ల వంటి విషాలు ఉంటాయి. మన ఇంట్లో పది రూపాయల సామాను అక్కడ ఒక మనిషి కంటికో ఊపిరితిత్తులకో ప్రమాదం తెస్తుందనే సంగతిని తూకం వేయించేటప్పుడు తప్పక గుర్తుంచుకోవాలి.

అన్నింటికంటే ఎక్కువ జాగ్రత్త బ్యాటరీల విషయంలో కావాలి. ఫోను, పవర్‌బ్యాంకు, ల్యాప్‌టాపులలో ఉండే లిథియం బ్యాటరీ నలిగినా, గుచ్చుకున్నా, రెండు కొసలూ లోహానికి తగిలినా లోపలి నుంచి వేడెక్కి మంటలు లేస్తాయి. అట్టల మధ్య చిక్కుకున్న ఒక్క బ్యాటరీ మూటలు కట్టేటప్పుడు నలిగితే అంగడి మొత్తం అంటుకోవచ్చు. కాబట్టి వీటిని ఇతర సామాన్లతో కలిపి ఎప్పుడూ వేయవద్దు. విడిగా వచ్చిన బ్యాటరీల కొసలకు ఇన్సులేషన్ టేపు చుట్టి, ఒకదానికొకటి తగలకుండా పొడి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాలి. ఉబ్బినదాన్ని నొక్కి చదును చేయడం, సూదితో గుచ్చి గాలి తీయడం ప్రాణాంతకం. దానిని పొడి ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, వంటగదికీ పరుపులకూ దూరంగా, పిల్లలకు అందని చోట ఉంచి, వీలైనంత త్వరగా ఆ ఫోను కంపెనీ సర్వీసు కేంద్రానికో, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే కేంద్రానికో చేర్చాలి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, వాడి పారేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత వాటిని తయారుచేసి అమ్మేవారిదే. కాబట్టి అక్కడ "ఇక్కడ తీసుకోము" అంటే, ఎక్కడ తీసుకుంటారో చెప్పమని అడిగే హక్కు మనకు ఉంది.

ఇన్వర్టరు, ఆటో, మోటారుసైకిలు బ్యాటరీల కథ వేరు. వాటిలో సీసపు పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. కొత్త బ్యాటరీ కొనే అంగట్లో పాతది ఇస్తే ధర తగ్గిస్తారు, అదే దానికి సరైన దారి. ఎవరైనా "లోపలి నీళ్లు పారబోసి తీసుకురండి" అన్నా ఒప్పుకోవద్దు. ఆ నీళ్లు ఆమ్లమే, అందులో సీసమూ ఉంటుంది. కాలువలో పోస్తే చివరకు మనం తాగే చోటికే చేరుతుంది. పిల్లల మెదడుకు సీసం చేసే హాని కొద్ది మోతాదుతోనే మొదలవుతుంది. తీసుకువెళ్లేటప్పుడు బ్యాటరీని నిలువుగానే ఉంచి, మూతలు బిగించి, ప్లాస్టిక్ టబ్బులో పెట్టాలి.

ట్యూబ్‌లైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బులలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. వాటిని పగలగొట్టి సంచిలో కూరడం మన ఊళ్లలో మామూలే అయినా, పగిలిన క్షణం నుంచే పాదరసపు ఆవిరి గదిలోకి వస్తుంది కనుక ఆ పని ఎన్నడూ చేయరాదు. పగలకుండా పాత అట్టగొట్టంలోనో కాగితాల్లోనో చుట్టి ఉంచండి. పొరపాటున పగిలితే ఫ్యాను, ఏసీ ఆపి, కిటికీలు తెరిచి, పిల్లలను, గర్భిణులను బయటకు పంపి పావుగంట ఆగాలి. ఆ తర్వాత చీపురు వాడకుండా గట్టి అట్టతో ముక్కలు ఎత్తి, సన్నని పొడిని టేపుతో అద్ది, తడిగుడ్డతో తుడిచి, అన్నిటినీ మూత ఉన్న డబ్బాలో వేసి "పాదరసం" అని రాసి పెట్టాలి. పగిలిన జ్వరమాపకం నుంచి జారిన పాదరసపు బిందువులను వేలితో తాకకండి, సింకులో పోయకండి.

పాత ఫ్రిజ్, ఏసీలను గొట్టాలు కోసి అమ్మకూడదు. కొత్తతరం ఫ్రిజ్‌ల కంప్రెసరు మీద ఆర్-600ఎ అని రాసి ఉంటే అందులో ఐసోబ్యూటేన్ ఉందని అర్థం, వంటగ్యాసులాగే అది అంటుకుంటుంది. గ్యాసును సరిగా తీయగల మెకానిక్ చేతనో, ఎక్స్‌ఛేంజ్ అంగడి ద్వారానో పంపించండి. వంటగ్యాసు సిలిండరు గ్యాసు కంపెనీ ఆస్తి కనుక ఏజెన్సీకే తిరిగి ఇవ్వాలి.

గడువు తీరిన మందులు, ఇన్సులిన్ సూదులు, బ్లేడ్లు, ఫినాయిల్, ఆమ్లం, పురుగుమందు డబ్బాలు అంగడికి వెళ్లకూడని సామాన్లు. సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించాలి, సంచిలో వేస్తే ఏరేవాళ్ల చేతిలో దిగుతాయి. పొలం ఉన్న ఇళ్లవారు పురుగుమందు డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పిచికారీ ట్యాంకులోనే పోసి, తిరిగి వాడకుండా రంధ్రాలు పెట్టాలి. అలా చేయకపోతే ఆ డబ్బా మంచి ధరకు అమ్ముడై ఎక్కడో నూనెకో కిరసనాయిలుకో తాగునీటికో పనికివస్తుందనే భయం ఊరికే అన్నది కాదు. వీటిని తడి, పొడి చెత్తలతో కలపకుండా విడిగా పెట్టి, ఇది హానికరమైన చెత్త అని చెత్త సేకరించే సిబ్బందికి చెప్పి అందించండి.

చిప్స్ కవర్లు, షాంపూ సాచెట్లు, థర్మోకోల్ లాంటివి కిలో ధర పలకవు కాబట్టి అంగడివారు తీసుకోరు. వాటిని కడిగి ఆరబెట్టి పొడి చెత్తలో ఇవ్వాలి. కాల్చడం గానీ, నెల్లూరులోని జాఫర్ సాహెబ్ కాలువలోనో సర్వేపల్లి కాలువలోనో విసరడం గానీ చేయవద్దు. కాలువ పూడితే మొదటి వానకే నీళ్లు వీధిలోకి తిరుగుతాయి.

అంగడికి వెళ్లేముందు ఫోన్లు, కంప్యూటర్లలో సమాచారం పూర్తిగా తుడిచి, సిమ్, మెమొరీ కార్డు తీయండి. ఎలక్ట్రానిక్ సామాను తీసుకునేవారిని, మీరు ఎవరికి అమ్ముతారు, నమోదైన రీసైక్లర్ దాకా వెళుతుందా అని సూటిగా అడగండి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల కొత్త నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి కనుక ఇది వింత ప్రశ్న కాదు. జవాబు దాటవేస్తే ధర ఎక్కువ చెప్పినా సరుకు వేయకపోవడమే మేలని నా అభిప్రాయం. సామాను పంపేలోగా వాన పట్టుకుంటే అన్నిటినీ నేల మీద కాకుండా ఇంట్లో ఎత్తయిన పొడి బల్ల మీద ఉంచాలి. ఒకవేళ నీళ్లు ఇంట్లోకి వచ్చి బ్యాటరీలు, పవర్‌బ్యాంకులు, ఎలక్ట్రిక్ స్కూటరు తడిస్తే, ఆరిపోయాయి కదా అని ఛార్జింగ్ పెట్టవద్దు. తడిసిన లిథియం బ్యాటరీ కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకోగలదు కనుక, వీలైతే గోడలకూ మనుషులకూ దూరంగా ఆరుబయట పొడి చోట ఉంచి, సర్వీసు కేంద్రానికి ఫోను చేసిన తర్వాతే కదిలించండి.