కస్టమ్ విండోస్ ఇమేజ్ తయారీలో వచ్చే చిక్కులు: ఎక్కడ వెతకాలి, ఎలా సరిచేయాలి

ఒక కంప్యూటర్‌లో విండోస్‌ను కావలసిన ప్రోగ్రాములతో, సెట్టింగులతో సిద్ధం చేసి, ఆ స్థితిని ఒకే ఫైలుగా భద్రపరిచి, దాన్ని మరెన్నో కంప్యూటర్లలో దించడాన్ని ఇమేజింగ్ అంటారు. వినడానికి ఇది మూడు ముక్కల పనిలాగే ఉంటుంది. చేసేటప్పుడు ఇబ్బంది పెట్టేది మాత్రం ఒకటే: ఇక్కడ తప్పు జరిగే చోటు ఒకటి, అది బయటపడే చోటు మరొకటి. మొదటి రోజు స్టోర్ నుంచి తనంతట తాను అప్‌డేట్ అయిన ఒక చిన్న యాప్, నాలుగో రోజు, ఇమేజ్ తీసే ముందు విండోస్ నుంచి ఆ యంత్రానికే చెందిన గుర్తులను తీసేసే సిస్‌ప్రెప్ పనిముట్టును ఆపేస్తుంది. ఇమేజ్‌లో చేర్చడం మరచిన డ్రైవర్ సంగతి, ఆ ఇమేజ్‌ను వేరే మోడల్ ల్యాప్‌టాప్‌లో దించినప్పుడు గానీ తెలియదు. అందువల్ల తెర మీద కనిపించిన సందేశాన్ని పట్టుకొని వెంటనే మరమ్మతుకు దిగకుండా, పని ఏ దశలో ఆగిందో, ఆ దశకు ముందు ఏమేం చేశామో మొదట తేల్చుకోవాలి.

దశను బట్టి లాగ్

విండోస్ ప్రతి దశకూ వేరే చోట లాగ్, అంటే జరిగినవాటి చిట్టా, రాస్తుంది. సిస్‌ప్రెప్ ఆగిపోతే సిస్టమ్32 ఫోల్డర్ లోపలి సిస్‌ప్రెప్ ఫోల్డర్‌లో ఉండే పాంథర్ ఫోల్డర్‌ను చూడాలి. ఇమేజ్‌ను దించిన తరువాత మొదటి బూట్లలో ఆగిపోతే, విండోస్ ఫోల్డర్ కిందనే ఉన్న పాంథర్ ఫోల్డర్‌ను, దానిలోని అన్‌అటెండ్‌జీసీ ఫోల్డర్‌ను చూడాలి. ఇమేజ్‌ను మౌంట్ చేసి, అంటే మామూలు ఫోల్డర్‌లా తెరిచి, అప్‌డేట్లు, డ్రైవర్లు చేర్చే డిస్మ్ పనిముట్టు విఫలమైతే, దాని లాగ్ విండోస్ ఫోల్డర్‌లోని లాగ్స్ కింద డిస్మ్ పేరుతోనే ఉంటుంది. డ్రైవర్ ఎందుకు ఎక్కలేదో తెలియాలంటే విండోస్ ఫోల్డర్‌లోని ఐఎన్‌ఎఫ్ ఫోల్డర్‌లో సెటప్ఏపీఐ అనే పేరుతో మొదలయ్యే లాగ్‌ను తెరవాలి. సెటప్ నడుస్తుండగానే ఇవన్నీ చూడవలసి వస్తే, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. అందులో నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి ఫైలును చదువుకోవచ్చు.

పాంథర్ ఫోల్డర్‌లో ముఖ్యంగా రెండు ఫైళ్లు ఉంటాయి. సెటప్ఎర్ర్‌లో తప్పులు మాత్రమే ఉంటాయి కనుక అది చిన్నది. సెటప్‌యాక్ట్‌లో జరిగినదంతా ఉంటుంది కనుక అది వేల వరుసల పొడవు ఉండవచ్చు. మొదట చిన్న ఫైలును తెరిచి, తప్పు నమోదైన సమయాన్ని గుర్తుపెట్టుకొని, పెద్ద ఫైలులో అదే సమయం దగ్గరికి వెళ్లి, దానికి పైనున్న ఇరవై, ముప్పై వరుసలు చదవాలి. చాలామంది చివరి వరుసనే పట్టుకుంటారు. చివరి వరుస సాధారణంగా పని విఫలమైందని ప్రకటిస్తుందే తప్ప, ఎందుకు విఫలమైందో చెప్పదు. కారణం మొదటి తప్పు దగ్గరే ఉంటుంది. అలాగని సెటప్ఎర్ర్‌లో కనిపించే ప్రతి వరుసా ప్రమాదకరమైనది కాదు. అంతా సజావుగా ముగిసిన ఇన్‌స్టలేషన్‌లో కూడా అందులో కొన్ని వరుసలు మిగులుతాయి.

మూల యంత్రం

ఇమేజ్ తీయబోయే మూల యంత్రంగా అసలు కంప్యూటర్ కంటే వర్చువల్ మెషిన్‌ను, అంటే సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్‌ను, వాడుకోవడమే మంచిది. దానిలో ప్రత్యేకమైన హార్డ్‌వేర్ డ్రైవర్లు చేరవు, పైగా సిస్‌ప్రెప్‌కు ముందు చెక్‌పాయింట్, అంటే తిరిగి వెళ్లగలిగేలా భద్రపరిచిన యంత్ర స్థితి, తీసి పెట్టుకోవచ్చు. ఈ చెక్‌పాయింట్ విషయంలో నేను రాజీపడను. సిస్‌ప్రెప్ సగంలో ఆగిన యంత్రాన్ని రిజిస్ట్రీ విలువలు మార్చి మళ్లీ నడిపించే చిట్కాలు చెలామణిలో ఉన్నాయి; వాటితో ఒక్కోసారి పని జరిగినా, అలా తయారైన ఇమేజ్ లోపల ఏం తెగిందో చెప్పడం కష్టం. కారణాన్ని లాగ్‌లో చదివి, చెక్‌పాయింట్‌కు వెనక్కి వెళ్లి, ఆ కారణాన్ని తొలగించి, మళ్లీ సిస్‌ప్రెప్ నడపడమే సరైన దారి.

విండోస్ ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి స్వాగత తెర దగ్గర కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే యంత్రం ఇమేజ్ తయారీకి ఉద్దేశించిన ఆడిట్ మోడ్‌లోకి వెళ్తుంది. అక్కడ కొత్త యూజర్‌ను సృష్టించనవసరం లేకుండా, విండోస్‌లో ముందే ఉన్న అడ్మినిస్ట్రేటర్ ఖాతాతోనే పని జరుగుతుంది. సాధారణ యూజర్ ఖాతా తెరిచి పనిచేస్తే, ఆ ఖాతా ఆనవాళ్లు ఇమేజ్‌లో మిగిలి, తరువాత చికాకు పెడతాయి. ఆడిట్ మోడ్‌లో ఉన్నంతసేపూ ఇంటర్నెట్‌ను ఆపి ఉంచాలి. కావలసిన ఇన్‌స్టలేషన్ ఫైళ్లను ముందే డౌన్‌లోడ్ చేసుకొని డిస్క్ ద్వారా అందించాలి. ఎందుకన్నది తరువాతి భాగంలో కనిపిస్తుంది.

సిస్‌ప్రెప్ ఆగిపోయినప్పుడు

విండోస్ ఇన్‌స్టలేషన్‌ను సరిచూడలేకపోయామని చెప్పే పెట్టె కనిపించిందంటే, ఎక్కువసార్లు కారణం స్టోర్ యాప్. లాగ్‌లో ఒక ప్యాకేజీ పొడవాటి పేరు ఉండి, అది ఒక యూజర్‌కు ఇన్‌స్టాల్ అయిందనీ, అందరు యూజర్లకూ ప్రొవిజన్ కాలేదనీ, అంటే అందరి కోసం సిద్ధంగా ఉంచలేదనీ, అందువల్ల ఇమేజ్‌లో సరిగా పనిచేయదనీ రాసి ఉంటుంది. ఇంటర్నెట్ ఉన్న సమయంలో స్టోర్ ఆ యాప్‌కు కొత్త వెర్షన్ తెచ్చి, లాగిన్ అయి ఉన్న యూజర్‌కు మాత్రమే ఎక్కించింది. అందరి కోసం సిద్ధంగా ఉంచిన ప్రతి పాతదిగానే మిగిలింది. ఈ తేడానే సిస్‌ప్రెప్ ఒప్పుకోదు.

దీన్ని సరిచేయడానికి అడ్మినిస్ట్రేటర్ హక్కులతో పవర్‌షెల్ తెరిచి, గెట్-యాప్‌ఎక్స్‌ప్యాకేజ్ కమాండ్‌ను ఆల్‌యూజర్స్ ఆప్షన్‌తో నడపాలి. లాగ్‌లో కనిపించిన ప్యాకేజీ ఏ యూజర్ దగ్గర ఇన్‌స్టాల్ అయి ఉందో అది చూపిస్తుంది. రిమూవ్-యాప్‌ఎక్స్‌ప్యాకేజ్‌తో దాన్ని ఆ యూజర్ నుంచి తొలగించి, ఇమేజ్‌లో ఆ యాప్ అసలే అక్కరలేకపోతే రిమూవ్-యాప్‌ఎక్స్‌ప్రొవిజన్డ్‌ప్యాకేజ్‌తో అందరి కోసం ఉంచిన ప్రతిని కూడా తీసేయాలి. రెండో పని మాత్రమే చేసి మొదటిది మరచిపోతే సమస్య మరింత బిగుసుకుంటుంది: అందరి ప్రతి పోయి, ఒకరి ప్రతి మిగులుతుంది, సిస్‌ప్రెప్ అభ్యంతరం చెప్పేది సరిగ్గా ఆ స్థితికే. ఒక ప్యాకేజీని తొలగించి మళ్లీ నడిపితే ఇంకో ప్యాకేజీ పేరుతో ఆగడం కూడా మామూలే, ఎందుకంటే సిస్‌ప్రెప్ మొదటి తప్పు దగ్గరే నిలిచిపోతుంది. కనుక ఒక్కొక్కటిగా కాకుండా జాబితా మొత్తాన్ని ఒకసారి పరిశీలించడం మేలు.

రెండో కారణం డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్. నేనెప్పుడూ ఆన్ చేయలేదే అనుకోవడానికి వీల్లేదు. కొత్త యంత్రాల్లో బిట్‌లాకర్ రూపమే అయిన డివైజ్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే మొదలవుతుంది, విండోస్ 11 24హెచ్2 నుంచి అందుకు కావలసిన హార్డ్‌వేర్ షరతులు ఇంకా సడలాయి. మేనేజ్-బీడీఈ కమాండ్‌ను స్టేటస్ ఆప్షన్‌తో నడిపినప్పుడు రక్షణ ఆఫ్‌లో ఉన్నట్టు చూపినంత మాత్రాన సరిపోదు. రక్షణ ఆఫ్‌లో ఉండి కూడా డ్రైవ్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉండవచ్చు. పూర్తిగా డీక్రిప్ట్ అయిందని కన్వర్షన్ స్టేటస్ వరుసలో కనిపించేదాకా ఆగి, అప్పుడే సిస్‌ప్రెప్ నడపాలి.

మిగిలినవి త్వరగా తేలిపోయేవే. రీస్టార్ట్ కోసం ఎదురుచూస్తున్న అప్‌డేట్ ఉంటే ముందు రీస్టార్ట్ చేయాలి. యంత్రం డొమైన్‌లో ఉంటే బయటికి తెచ్చి వర్క్‌గ్రూప్‌లో పెట్టాలి. ఇక సిస్‌ప్రెప్‌ను మూడుసార్లకు మించి నడపకూడదన్న మాట విండోస్ 7 కాలం నాటిది, విండోస్ 8.1 నుంచి ఒకే ఇమేజ్ మీద 1001 సార్ల వరకు నడపవచ్చు.

మౌంట్ చేసిన ఇమేజ్ మొండికేస్తే

ఇమేజ్ ఉండే విమ్ ఫైలును ఒక ఫోల్డర్‌లో మౌంట్ చేసి, మార్పులు చేసి, వాటిని కమిట్ చేసి, అంటే ఫైలులో భద్రపరిచి, అన్‌మౌంట్ చేయడం డిస్మ్ పని. చివరి మెట్టు దగ్గర ఫోల్డర్‌ను పూర్తిగా అన్‌మౌంట్ చేయలేకపోయామని చెబితే, ఎక్కడో ఎవరో ఆ ఫోల్డర్‌ను పట్టుకొని ఉన్నారని అర్థం. ఆ ఎవరో చాలాసార్లు మనమే: ఎక్స్‌ప్లోరర్ కిటికీ ఒకటి ఆ ఫోల్డర్‌లో తెరిచి ఉంటుంది, లేదా కమాండ్ ప్రాంప్ట్ అదే ఫోల్డర్‌లో నిలబడి ఉంటుంది. వాటిని మూసేసి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ కదలకపోతే, యాంటీవైరస్ స్కానింగ్ నుంచి మౌంట్ ఫోల్డర్‌ను మినహాయించి చూడాలి. మధ్యలో కరెంటు పోయిన తరువాత ఇమేజ్ ఇంతకు ముందే మౌంట్ అయి ఉందని సందేశం వస్తే, క్లీనప్-మౌంట్‌పాయింట్స్ ఆప్షన్ పాత ఆనవాళ్లను తుడిచేస్తుంది.

డిస్మ్ వెర్షన్ కూడా చూసుకోవాలి. కొత్త డిస్మ్‌తో పాత ఇమేజ్‌ను సవరించవచ్చు గానీ, పాత డిస్మ్‌తో కొత్త ఇమేజ్‌ను సవరించబోతే వింత తప్పులు వస్తాయి. ఇమేజ్ వెర్షన్‌కు తగిన ఏడీకేను, అంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఇమేజింగ్ పనిముట్ల కట్టను, ఇన్‌స్టాల్ చేసుకొని, దానితో వచ్చే డిస్మ్‌నే వాడాలి. అప్‌డేట్లు చేర్చే వరుసకు కూడా ప్రాధాన్యం ఉంది: భాషా ప్యాక్‌లు, అదనపు ఫీచర్లు మొదట, మునుపటి సవరణలన్నీ కలిపి వచ్చే క్యుములేటివ్ అప్‌డేట్ ఆ తరువాత. ఈ వరుస తప్పి భాషా ప్యాక్‌ను చివర చేర్చితే, అదే క్యుములేటివ్ అప్‌డేట్‌ను మరోసారి చేర్చవలసి వస్తుంది.

ఆన్సర్ ఫైల్ మాట వినకపోతే

ఇమేజ్ దిగేటప్పుడు అడిగే ప్రశ్నలన్నిటికీ ముందే జవాబులు రాసి ఉంచే ఎక్స్‌ఎంఎల్ ఫైలే ఆన్సర్ ఫైల్. ఇది రెండు రకాలుగా విఫలమవుతుంది. మొదటిది గట్టిగా చెప్పి ఆగుతుంది: ఫలానా పాస్‌లో, అంటే సెటప్ దశలో, ఆన్సర్ ఫైల్‌ను చదవలేకపోయామని పాస్ పేరుతో సహా చూపిస్తుంది. అది స్పెషలైజ్ పాస్ అయితే కంప్యూటర్ పేరునూ, ప్రొడక్ట్ కీనీ ముందు చూడాలి. పేరు 15 అక్షరాలు దాటినా, అందులో ఖాళీ స్థలం ఉన్నా ఇబ్బందే.

రెండో రకం ఏమీ అనదు. మన సెట్టింగును పక్కన పెట్టి ముందుకు పోతుంది. ప్రతి విభాగంలోనూ ప్రాసెసర్ ఆర్కిటెక్చర్ రాసి ఉంటుంది. 64 బిట్ విండోస్‌కు అక్కడ ఏఎండీ64 అని ఉండాలి, యంత్రంలో ఉన్నది ఇంటెల్ ప్రాసెసర్ అయినా సరే. అక్కడ వేరే విలువ ఉంటే ఆ విభాగం మొత్తం చడీచప్పుడు లేకుండా దాటవేయబడుతుంది. నన్ను ఒక రోజంతా తిప్పినది మాత్రం ఇంకొకటి. యూఎస్‌బీలోని ఆన్సర్ ఫైల్‌లో ఎన్ని మార్పులు చేసినా పాత సెట్టింగులే వస్తున్నాయి. చివరికి అనుమానం వచ్చి విండోస్ ఫోల్డర్‌లోని పాంథర్‌లో చూస్తే, మొదటి ఇన్‌స్టలేషన్ నాటి ఆన్సర్ ఫైల్ ప్రతి అక్కడ చక్కగా కూర్చుని ఉంది. విండోస్ వెతికే వరుసలో పాంథర్ ఫోల్డర్ యూఎస్‌బీ కంటే ముందుంటుంది. అందువల్ల సిస్‌ప్రెప్ నడిపేటప్పుడు అన్‌అటెండ్ ఆప్షన్‌తో కావలసిన ఫైలును స్పష్టంగా చూపించాలి.

వేరే యంత్రంలో బూట్ కాకపోతే

సెటప్ నడుస్తుంది గానీ డిస్క్ కనిపించదు; ఇది కొత్త ల్యాప్‌టాప్‌లలో తరచుగా ఎదురయ్యే సమస్య. ఇంటెల్ వీఎండీ అనే స్టోరేజ్ నియంత్రణ పద్ధతి వాడే యంత్రాల్లో స్టోరేజ్ డ్రైవర్ లేకపోతే డిస్క్ ఉన్నట్టే తెలియదు. ఆ డ్రైవర్‌ను విండోస్ ఇమేజ్ ఉండే ఇన్‌స్టాల్ విమ్‌లో చేర్చి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే డిస్క్‌ను ముందుగా వెతికేది సెటప్‌ను మొదలుపెట్టే బూట్ విమ్. బూట్ విమ్‌లో సాధారణంగా రెండు ఇండెక్సులు, అంటే రెండు వేర్వేరు ఇమేజ్‌లు, ఉంటాయి. సెటప్ నడిచేది రెండో దాని నుంచి. మొదటి ఇండెక్సులో మాత్రమే డ్రైవర్ చేర్చి, చేర్చాను కదా అని తల పట్టుకున్నవాళ్లు ఎందరో. డ్రైవర్ తయారీదారు ఇచ్చే ఈఎక్స్‌ఈ ఫైలును డిస్మ్ తీసుకోదు; దాన్ని విప్పి, లోపలి ఐఎన్‌ఎఫ్ ఫైలు ఉన్న ఫోల్డర్‌ను చూపించాలి.

సెటప్ ముగిసి, మొదటి బూట్‌లోనే బూట్ డివైజ్ అందుబాటులో లేదని నీలి తెర వస్తే, ఈసారి లోపం ఇన్‌స్టాల్ విమ్‌లో ఉన్నట్టు. అందులోనూ అదే స్టోరేజ్ డ్రైవర్ కావాలి. నీలి తెర కూడా రాకుండా బూట్ చేయడానికి ఏమీ దొరకలేదని ఫర్మ్‌వేర్ చెబితే, సమస్య డ్రైవర్‌ది కాదు, బూట్ ఫైళ్లది. డిస్క్ జీపీటీ పద్ధతిలో విభజించి ఉందో లేదో, యంత్రం కొత్త తరహా ఫర్మ్‌వేర్ అయిన యూఈఎఫ్ఐ మోడ్‌లోనే ఉందో లేదో చూసి, బీసీడీబూట్ కమాండ్‌తో ఈఎఫ్ఐ పార్టిషన్‌లో బూట్ ఫైళ్లను మళ్లీ రాయాలి.

ఇమేజ్ పెద్దదైనప్పుడు వచ్చే చిక్కు ఒకటి మిగిలింది. యూఈఎఫ్ఐ బూట్ కోసం యూఎస్‌బీని ఫ్యాట్32గా ఫార్మాట్ చేస్తాం. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీకి చేరకూడదు. ప్రోగ్రాములు చేర్చిన ఇన్‌స్టాల్ విమ్ ఆ హద్దును ఇట్టే దాటుతుంది, స్థలం ఉన్నా కాపీ ఆగిపోతుంది. డిస్మ్‌లోని స్ప్లిట్-ఇమేజ్ ఆప్షన్‌తో దాన్ని 3800 ఎంబీ ముక్కలుగా, ఎస్‌డబ్ల్యూఎం ఫైళ్లుగా విభజించి, సోర్సెస్ ఫోల్డర్‌లో పెడితే సెటప్ వాటినే కలిపి చదువుకుంటుంది. విభజించే ముందు ఎక్స్‌పోర్ట్-ఇమేజ్‌తో ఒకసారి కొత్త విమ్‌లోకి ఎగుమతి చేస్తే, పదేపదే కమిట్ చేయడం వల్ల లోపల పేరుకున్న అనవసరపు డేటా పోయి, కొన్నిసార్లు విభజించే అవసరమే రాదు.