రిసెప్షన్ పాటలు డీజేకే వదిలేయకండి

ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లకి ఒక్క మాట. రిసెప్షన్‌లో ఏ పాట ఎప్పుడు పడాలో మీరే రాసివ్వండి. మా చెల్లి రిసెప్షన్‌కి అలా రాసివ్వలేదు, ఏడున్నరకి, ఇంకా జనం సగం కూడా రాకముందే తీన్మార్ మొదలైపోయింది, స్టేజీ కింద లైన్లో నిలబడ్డ పెద్దవాళ్లు చెవులు మూసుకున్నారు, మా పెద్దమ్మ పెళ్లికూతురితో నాలుగు మాటలైనా మాట్లాడలేక గిఫ్టు చేతిలో పెట్టి దిగిపోయింది. ఆ బాధ నాకింకా ఉంది.

తమ్ముడి పెళ్లికి మాత్రం ఫొటోల లైను నడిచినంతసేపూ ఫ్లూట్, వీణ, ఎనభైల నాటి మెలొడీలే పెట్టించాం, అదీ పక్కవాళ్ల మాట వినపడేంత సౌండ్‌లో. భోజనాల దగ్గర స్పీకర్లు వద్దన్నాం. ఎనిమిదిన్నరకి లైను కాసేపు ఆపి ముందు పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ కిందకి తీసుకొచ్చాం, వాళ్లు అడుగేస్తే ఇక మిగతావాళ్లని పిలవక్కర్లేదు. మొదటి పాట మంచి జానపదం పెట్టండి, ఆరేళ్ల పిల్ల నుంచి మేనమామ దాకా అందరి కాళ్లూ కదులుతాయి. మా బాబాయి చెప్పులు పక్కన విడిచి మరీ దిగాడు!

లాన్‌లో చేస్తుంటే ఇంకోటి. రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది, కాబట్టి డాన్సులు ఆలస్యంగా పెట్టుకుంటే ఊపు వచ్చేసరికి ఆపేయాల్సి వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా నచ్చని పాటలుంటే అవి కూడా రాసి డీజే చేతికివ్వండి.