మీ ఊరి మునిసిపాలిటీ హద్దులు ఎలా మారాయో తెలుసుకోవడం ఎలా?

కావాల్సినవి: రెవెన్యూ గ్రామ పటం, ట్రేసింగ్ పేపరు, పెన్సిలు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి మొదలుపెట్టకండి. అందులో కనిపించే గీత ఇవాళ్టిది, అదీ ఒక్కోసారి తప్పు.

ముందు మీ ఊరు ఏ చట్టం కింద మునిసిపాలిటీ అయిందో చూడండి. కోస్తా, సీమల్లో అయితే మద్రాసు చట్టాలు: 1865, 1871, 1884, 1920. ఆ తర్వాత 1965 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం. తెలంగాణలో ఇప్పుడున్నది 2019 చట్టం. 'మా ఊరు ఫలానా ఏడాదిలో మునిసిపాలిటీ అయింది' అని ఒక్క ఏడాది రాసి వదిలేస్తే చరిత్ర కాదు. భీమిలినే తీసుకోండి. 1861 అని అందరూ చెబుతారు. అప్పటికి 1865 చట్టమే లేదు, ఉన్నది 1850 నాటి 26వ చట్టం. ఏ చట్టమో తెలిస్తేనే ఆ ఏడాదికి అర్థం.

తర్వాత గెజిట్, అంటే ప్రభుత్వ ప్రకటనలు అచ్చయ్యే పత్రం. పాతవైతే ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్, చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో అడగండి. హైదరాబాద్‌లో తార్నాక ఆర్కైవ్స్. ఇది ఓపిక పని, కష్టమేం కాదు.

అసలు కష్టం హద్దుల షెడ్యూలు, అంటే గెజిట్ నోటిఫికేషన్‌లో ఏ ఊళ్లు, ఏ సర్వే నంబర్లు కలిశాయో చెప్పే జాబితా చదవడం. దాదాపు అందరూ ఇక్కడే తప్పుతారు.

ఊళ్లను కలిపేటప్పుడు ముందు ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు పిలుస్తారు, తర్వాతే తుది నోటిఫికేషన్. ముసాయిదాలో ఉన్న ఊరు తుదిదానిలో ఉండాలనేం లేదు. చేతికి దొరికింది ఏదో తేల్చుకోకుండా గీత గీయకండి.

ఊరి పేరు కనిపించగానే ఊరంతా కలిసిందనుకోవద్దు. 'సర్వే నంబరు 45 నుంచి 62 వరకు' అని ఉంటే అంతవరకే. పైగా ఆ నంబర్లు ఏ సర్వేవి? రీసర్వే జరిగిన ఊళ్లో పాత 45, కొత్త 45 వేర్వేరు పొలాలు కావచ్చు. ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), అదే డైగ్లాట్‌లో పాత నంబరు గడి చూడండి. తెలంగాణలో సేత్వార్ అనే భూమి రికార్డు. 45/2 అని ఉంటే అది తర్వాత విడదీసిన ముక్క, దానికి మూలం 45. ఈమధ్య ఆంధ్రలో రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. వాటిని 1930ల గెజిట్ మీద పెట్టి చూస్తే బుర్ర తిరగడమే మిగులుతుంది.

ఇంకో జాగ్రత్త: వార్డుల హద్దులు మారినంత మాత్రాన పట్టణం హద్దు మారినట్టు కాదు. పట్టణాభివృద్ధి సంస్థ పరిధి మరీ వేరు. దాన్ని మునిసిపల్ హద్దుగా వేసి షేర్ చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

గీతలు ఒక్కో దశకు ఒక్కో ట్రేసింగ్ పేపరు మీదే గీయాలి. కంప్యూటర్లో చేయొచ్చంటారు, చెయ్యండి, కానీ కాగితం తర్వాతే. విశాఖకైతే 2005లో గాజువాక, చుట్టుపక్కల 32 గ్రామాలు కలిసిన గీత ఒకటి, 2013లో భీమిలి, అనకాపల్లి చేరిన గీత మరొకటి. ప్రతి కాగితం మూలన గెజిట్ తేదీ, జీవో నంబరు రాయండి. తేదీ లేని పటాన్ని నేనైతే పక్కన పడేస్తాను.