వంటింటి మూతలు, మూడో పాఠం: ఖాళీ డబ్బా చల్లగా ఉంటే చాలదు

పోయిన పాఠంలో నీటి కప్పు పరీక్ష చెప్పాను. ఖాళీ పాత్రను, పక్కన ఒక కప్పు నీటిని మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి ఒక నిమిషం నడపాలి. నీళ్లు వేడెక్కి పాత్ర చల్లగా ఉంటే ఆ పాత్రను వాడుకోవచ్చు. పింగాణీ, గాజు, మట్టి పాత్రల కోసం చెప్పిన పరీక్ష ఇది. అయితే మీ ఉత్తరాలు చూస్తే, చాలామంది దీన్ని ప్లాస్టిక్ డబ్బాలకు, క్లింగ్ ఫిల్మ్‌కు (గిన్నెలకు అంటుకునే పల్చటి ప్లాస్టిక్ పొర), ఐస్‌క్రీమ్ కొన్నప్పుడు వచ్చిన పల్చటి డబ్బాలకు కూడా చేశారు. చల్లగా ఉంది కాబట్టి సురక్షితమేనని తేల్చుకున్నారు. అలా నెగ్గిన ఒక డబ్బా, వెన్న ఎక్కువగా ఉన్న వంటకం పెట్టగానే అంచు మెత్తబడి వంకరపోయిందట. నిల్వ గురించి చెప్పాల్సిన ఈ పాఠంలో అందుకే ముందు ఈ చిక్కు విప్పుతాను.

పాలిథిన్, పాలీప్రొపిలీన్ వంటి ప్లాస్టిక్‌లు మైక్రోవేవ్ తరంగాలను దాదాపు పీల్చుకోవు. తరంగాలు వాటి గుండా సాగిపోయి, ఆహారంలోని నీటిని వేడిచేస్తాయి. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా చల్లగా ఉండడానికి కారణం అదే. దాన్ని వేడిచేసేది ఓవెన్ కాదు, రేపు మీరు అందులో పెట్టబోయే ఆహారం. ఆ ఆహారం లేకుండా చేసిన పరీక్ష ప్లాస్టిక్ గురించి ఏమీ చెప్పదు. మూతను ఎంచుకునేటప్పుడు మూత కన్నా ముందు దాని కింద ఉన్నదాన్ని చూడండి.

నీరు ఎక్కువగా ఉన్న ఆహారం సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతూ ఆగుతుంది. నూనె, వెన్న, చక్కెర పాకం అక్కడ ఆగవు. పల్చటి సంచులు చేసే తక్కువ సాంద్రత పాలిథిన్ 105–115 డిగ్రీల మధ్య కరుగుతుంది. పాలీప్రొపిలీన్ 160 దాకా కరగదు కానీ, అంతకు ముందే మెత్తబడడం మొదలవుతుంది. తెల్లటి నురగ పెట్టెలు చేసే పాలీస్టైరీన్ 100 దగ్గరే రూపు కోల్పోతుంది. తేనెమైనం పట్టించిన గుడ్డ అయితే, దాని మైనం 62–64 డిగ్రీలకే కరుగుతుంది. ఆ గుడ్డను ఓవెన్ దరిదాపులకు తీసుకెళ్లకండి.

డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకెను కూడా చాలామంది అభయంలా చదువుతున్నారు. 1988లో వచ్చిన ఆ అంకెలు, వ్యర్థాలను వేరుచేసేవారికి అది ఏ రకం ప్లాస్టికో చెప్పడానికి పెట్టినవి. 5 అంటే పాలీప్రొపిలీన్, అంతే. గట్టి నిల్వ డబ్బా మీదా 5 ఉంటుంది, ఒక్కసారి వాడి పారేయాల్సిన పల్చటి కప్పు మీదా 5 ఉంటుంది. మైక్రోవేవ్‌లో వాడవచ్చన్న మాట విడిగా రాసి ఉండాలి.

ఇక నన్ను అన్నిటికన్నా బాధపెట్టే పొరపాటుకు వస్తాను. క్లింగ్ ఫిల్మ్ పెట్టె మీద మైక్రోవేవ్‌కు సురక్షితమని ఉంటే, దాన్ని ఆహారం మీద పరిచి వేడిచేయవచ్చని అనుకుంటున్నారు. ఆ మాటకు అర్థం, గిన్నె మీద కప్పవచ్చని మాత్రమే. ఫిల్మ్‌కూ ఆహారానికీ మధ్య కనీసం రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. లోతైన గిన్నెలో సగం దాకా సూప్ ఉంటే ఫర్వాలేదు. పళ్లెంలో గుట్టగా అన్నం పోసి కప్పితే గుట్ట కొస ఫిల్మ్‌కు తగులుతుంది. చీజ్ పొంగి తగులుతుంది. కొవ్వున్న మాంసం చిట్లి తగులుతుంది. పాలు పొంగితే చెప్పనే అక్కర్లేదు. గిన్నెను చుట్టూ బిగించి మూసేస్తే, ఆవిరికి ఫిల్మ్ బుడగలా ఉబ్బుతుంది. ఎడం బాగానే ఉందని మీరు నిశ్చింతగా ఉంటారు. ఓవెన్ ఆగాక లోపలి ఆవిరి చల్లబడి నీరవుతుంది, ఫిల్మ్ కిందికి పీల్చుకుపోయి వేడి ఆహారానికి అంటుకుంటుంది. అందుకే ఒక మూల తెరిచి ఉంచాలి. తీసేటప్పుడు మీకు దూరంగా ఉన్న అంచు నుంచి ఎత్తండి, ఆవిరి చేతికి కొట్టదు.

కొవ్వు తగలడం గురించి ఇంత పట్టుబట్టడానికి వేడి ఒక్కటే కారణం కాదు. పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ సాగడానికి, అంటుకోవడానికి ప్లాస్టిసైజర్లు అనే రసాయనాలు కలుపుతారు. అవి కొవ్వులో సులువుగా కరుగుతాయి, వేడిలో ఇంకా త్వరగా ఆహారంలోకి చేరతాయి. పాలిథిన్ ఫిల్మ్ అంత గట్టిగా అంటుకోదు, దానికి ఆ ప్లాస్టిసైజర్ల అవసరం ఉండదు. నేను పాలిథిన్ ఫిల్మే కొంటాను, అదీ ఫ్రిజ్‌కు మాత్రమే. ఓవెన్‌లో మూతగా పింగాణీ పళ్లెం బోర్లించి పెడతాను. ఎడం కొలవనక్కర్లేదు, కరుగుతుందన్న భయం లేదు, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. చిందులు ఆపడానికే అయితే తెల్లటి పేపర్ టవల్ చాలు. వార్తాపత్రిక, గోధుమరంగు కాగితపు సంచి మాత్రం వద్దు. సిరా ఆహారానికి అంటుతుంది, కాగితం నిప్పంటుకోవచ్చు.

నిల్వకు నియమం తిరగబడుతుంది. ఫ్రీజర్‌లో పెట్టేదానికి ఫిల్మ్ ఒంటికి అతుక్కుని ఉండాలి. మధ్యలో గాలి ఉంటే మంచు నేరుగా ఆవిరై, ఆహారం పైభాగం ఎండి పీచులా మారుతుంది. అదే పొట్లాన్ని అలాగే ఓవెన్‌లో పెట్టి మంచు కరిగించకండి. ముందు ఫిల్మ్, నురగ పళ్లెం తీసేసి గాజు గిన్నెలోకి మార్చండి. పులుపు, ఉప్పు ఎక్కువున్నవాటిని అల్యూమినియం ఫాయిల్‌లో నిల్వ చేయవద్దు, ఫాయిల్‌కు చిల్లులు పడతాయి.

ఎంత బాగా చుట్టినా అది చల్లదనానికి బదులు కాదు. 1994లో అమెరికాలోని ఎల్ పాసోలో, ఫాయిల్‌లో చుట్టి కాల్చిన బంగాళాదుంపలను రోజుల తరబడి బయటే ఉంచి, వాటితో చేసిన వంటకం వల్ల 30 మందికి బొటులిజం సోకింది. ఒక బాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రమాదకరమైన జబ్బు అది. ఆ బాక్టీరియా బీజాలు కాల్చినా చావవు. ఫాయిల్ గాలిని ఆపి, తేమను పట్టి ఉంచి వాటికి అనువైన చోటు కల్పించింది. కాబట్టి ఫాయిల్ విప్పి, రెండు గంటల్లోపు 4 డిగ్రీలు మించని ఫ్రిజ్‌లో పెట్టండి.

సాధన: ఇంట్లో ఉన్న మూతలు, డబ్బాలు, ఆహారం చుట్టే ఫిల్మ్, ఫాయిల్ అన్నీ బల్ల మీదికి తీయండి. పట్టిక గీసి, ఒక్కోదానికి నాలుగు సంగతులు రాయండి: దేనితో చేశారు, ఎంత వేడి వరకు, మైక్రోవేవ్ మాట స్పష్టంగా ఉందా, కొవ్వుకు తగలవచ్చని రాశారా. సమాధానం లేని గడి ఖాళీగానే ఉంచండి, ఊహించి నింపవద్దు. మైక్రోవేవ్ గడి ఖాళీగా ఉన్న ప్లాస్టిక్ ప్రతిదీ ఇకపై చల్లటి నిల్వకే. తర్వాత వారం రోజులు, ఓవెన్‌లో ఏ ఆహారం మీద ఏ మూత పెట్టారో, అది తగిలిందో లేదో రాసుకోండి. ఆ పట్టిక లేకుండా నాలుగో పాఠం మొదలుపెట్టవద్దు.