హెడ్‌ఫోన్ గుర్తు పోలా, మాట వినపళ్ళా... ఇట్టా సరిచేశా

మా బాబాయ్ చీమకుర్తిలో గ్రానైట్ పనికి పోతాడు, ఆ దుమ్ము సంగతి చూసినోళ్ళకి చెప్పక్కర్లా, జేబులో ఫోన్ కూడా తెల్లగా అయిపోద్ది. ఈమధ్య కాల్ ఎత్తితే అవతలోళ్ళ మాట వినపడదు, వీడియో పెడితే సౌండే రాదు, కాల్లో స్పీకర్ బటన్ నొక్కితే మాత్రం మాట వస్తది. ఒంగోల్లో ఒక షాపులో లోపలి స్పీకర్ మార్చాలన్నారంట. నేను ఫోన్ తీసుకుని పైన చూస్తే బ్యాటరీ బొమ్మ పక్కన హెడ్‌ఫోన్ గుర్తుంది, ఏమీ పెట్టకుండానే!

అంటే హెడ్‌ఫోన్ పిన్ను గుచ్చే బెజ్జం, అదే 3.5 ఎంఎం జాక్‌లో దుమ్ము చేరి, ఏదో గుచ్చి ఉందని ఫోన్ అనుకుంటా సౌండంతా అటు పంపిస్తాంది. ఫోన్ ఆఫ్ చేసి, జాక్ కిందికి వచ్చేలా ఫోన్ వంచి సన్నటి పొడి బ్రష్‌తో మెల్లగా దులిపా, పాత హెడ్‌సెట్ పిన్ను పెట్టి తీసి పెట్టి తీసి చేస్తే బూడిదలాంటి పొడి రాలింది. ఆన్ చేస్తే గుర్తు పోయింది, బాబాయ్ పిన్నికి ఫోన్ చేసి ఎంత సంతోషపడ్డాడో.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఛార్జింగ్ పోర్ట్ పక్కన ఉండే సన్న బెజ్జం మైకుది, దాంట్లో సిమ్ పిన్ను పొడవబాకండి. ఆ పిన్ను సిమ్ ట్రే బెజ్జానికే. జాక్ లేని ఫోనయితే ఛార్జర్, హెడ్‌ఫోన్ రెండూ పెట్టే టైప్‌సి పోర్ట్‌ని ఇట్టాగే బ్రష్‌తో దులపండి, సూదులు వద్దు.