ఓటు రహస్యంగానే ఉందని ఊరు నమ్మాలంటే: బూత్ ఏజెంట్లు చూసుకోవాల్సినవి

"ఎవరికేశావో మాకు తెలిసిపోతుందిలే" అనే బెదిరింపు పోలింగ్ దగ్గరపడేకొద్దీ కోనసీమ ఊళ్లల్లో గట్టిగానే తిరుగుతుంది. నిజంగా ఓటు బయటపడేది యంత్రంలోంచి కాదు. కిటికీ, ఫోను, "సాయం" చేసే మనిషి, ఈ మూడూ అభ్యర్థి తరఫున బూత్‌లో కూర్చునే ఏజెంటు కంటికి కనబడేవే.

పోలింగ్ ఉదయం 7కి మొదలైతే మాక్ పోల్, అంటే యంత్రాన్ని పరీక్షించే నమూనా ఓటింగ్, 5:30కి. ఏజెంట్ల కోసం పదిహేను నిమిషాలు చూస్తారు, ఆపైన మీరు లేకపోయినా మొదలుపెట్టేస్తారు. గోదావరి మధ్య లంకలో బూత్ అయితే తెల్లవారుజామున పడవ దొరుకుతుందని కూర్చోకుండా ముందురోజు రాత్రే రేవు దాటండి.

మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు పడాలి, నోటాతో సహా ప్రతి బటనూ నొక్కాలి. ఎవరికెన్ని వేశారో కాగితం మీద గీతలు పెట్టుకోండి. మీ కాగితం, కంట్రోల్ యూనిట్ (ఓట్లు లెక్కగట్టే భాగం) చూపే ఫలితం, వీవీప్యాట్ (వేసిన ఓటును స్లిప్పు మీద చూపే యంత్రం) స్లిప్పుల లెక్క ఒకటే రావాలి. ఆ తర్వాత క్లియర్ నొక్కించి సున్నా చూడండి. స్లిప్పులన్నీ డబ్బాలోంచి తీసి నల్ల కవరులో సీలు చేయాలి. హడావిడిలో తప్పేది ఇక్కడే. క్లియర్ మరిచిపోతే సాయంత్రానికి 50 ఓట్లు ఎక్కువ తేలతాయి, దొంగ ఓట్ల కథ తెల్లారేలోగా ఊరంతా పాకుతుంది. కంట్రోల్ యూనిట్‌కు వేసే ఆకుపచ్చ కాగితపు సీలు (గ్రీన్ పేపర్ సీల్) నంబరు రాసుకుని సంతకం పెట్టండి.

ఇక గది. ఓటేసే అర (మరుగు కట్టిన చోటు) కిటికీ పక్కనా గుమ్మం ఎదురుగానూ ఉండకూడదు. వెబ్‌కాస్టింగ్ కెమెరాకు బ్యాలెట్ యూనిట్ (ఓటు బటన్లుండే భాగం) కనపడకూడదు. వీవీప్యాట్ మీద నేరుగా బల్బు వెలుతురు, ఎండ పడితే సెన్సార్ దెబ్బతిని యంత్రం మొరాయిస్తుంది. బడి పెంకుల సందుల్లోంచి తొమ్మిదింటికి ఎండ ఎక్కడ పడుతుందో బయటినుంచి వచ్చిన సిబ్బందికేం తెలుసు, మీరే చెప్పాలి.

ఏ బటన్ నొక్కినా బీప్ ఒకటే. స్లిప్పు 7 సెకన్లు కనబడి డబ్బాలో పడుతుంది. దాని మీద అభ్యర్థి వరుస నంబరు, పేరు, గుర్తు తప్ప ఓటరు ఊసే ఉండదు. ఇంటింటికీ వెళ్లినప్పుడు ఈ రెండు సంగతులూ చెబితే చాలావరకు భయం తగ్గుతుంది.

అసలు గండం తోడు మనిషి. చూపు లేనివాళ్లకు, బటన్ నొక్కలేనంత అశక్తులకు మాత్రమే 18 ఏళ్లు నిండిన ఒకరు తోడు రావచ్చు. చదువు రాకపోవడం కారణం కాదు. వచ్చిన మనిషి ఓటు బయటపెట్టనని రాసివ్వాలి (ఇలాంటి ఓటర్ల వివరాలు ఫారం 14ఎలో నమోదవుతాయి), ఆ రోజు ఇంకొకరికి తోడు వెళ్లకూడదు. ఒకే పెద్దమనిషి నలుగురు ముసలమ్మల చెయ్యి పట్టుకుని వరుసగా వస్తుంటే రెండోసారికే లేచి బూత్ నడిపే ప్రిసైడింగ్ అధికారికి చెప్పండి. మొహమాటపడితే ఆ వీధి ఓట్లన్నీ ఆయన జేబులోకి పోయినట్టే. సెల్‌ఫోను అరలోకి పోనివ్వకండి. డబ్బిచ్చినవాడు ఋజువుగా అడిగేది ఆ ఫోటోనే.

తాను వేసినదొకటి, స్లిప్పులో వచ్చినదొకటి అని ఎవరైనా అంటే ఎన్నికల నియమాల్లో 49ఎంఎ నిబంధన ఉంది. లిఖితపూర్వకంగా ఇస్తే మీ ఎదుటే పరీక్ష ఓటు వేయిస్తారు. ఫిర్యాదు అబద్ధమని తేలితే శిక్ష పడుతుందని ముందే చెబుతారు, కాబట్టి కోపంలో ఎవర్నీ ఎగదోయకండి.

ఒక్కటి మాత్రం దాచకూడదు. మనిషి ఓటు తెలియదు గానీ బూత్ మొత్తం తెలుస్తుంది, ఫలితాల పట్టిక అయిన ఫారం 20లో బూత్‌వారీ లెక్క బయటికొస్తుంది. చిన్న లంకలో ఇది ఇబ్బందే. "మీ బూత్‌లో మాకు తగ్గాయి" అనగలరు, "నువ్వు వేయలేదు" అనలేరు. ఆ తేడా ఓటర్లకు విడమర్చి చెప్పండి.

సాయంత్రం క్లోజ్ నొక్కాక యంత్రంలోని మొత్తాన్ని ఓటర్లు సంతకం పెట్టే 17ఎ రిజిస్టరుతో పోల్చండి. సంతకం పెట్టి ఓటు వేయకుండా వెళ్లినవాళ్లను, పరీక్ష ఓట్లను తీసేసి చూడాలి. ఆ లెక్కంతా ఫారం 17సిలో ఉంటుంది. లెక్కింపు రోజు టేబుల్ దగ్గర మీ చేతిలో ఉండాల్సిన కాగితం అదే, కాబట్టి ప్రిసైడింగ్ అధికారి సంతకంతో కాపీ తీసుకోకుండా తిరుగు పడవ ఎక్కొద్దు.