పెసర మొలకలు, నైట్రిక్ ఆక్సైడ్: రోజుకోలా వచ్చే ఫలితాన్ని ఎలా సరిచేశానంటే

వరంగల్‌లో మా ల్యాబ్‌లో పెసర మొలకలకు నైట్రిక్ ఆక్సైడ్ వాయువు అందించడానికి, దాన్ని వదిలే సోడియం నైట్రోప్రస్సైడ్ అనే రసాయనాన్ని నీళ్లలో కలిపి వాడుతున్నాం. వేళ్ల పెరుగుదల రోజుకోలా వచ్చేసరికి టెన్షన్ పట్టుకుంది. కారణం వెలుతురు. అది తగిలితే ఆ ద్రావణం విడిపోతుంది. నైట్రిక్ ఆక్సైడ్‌తోపాటు సైనైడ్ కూడా వదులుతుంది. మరి వేరు పెరగడం ఆగితే అది దేనివల్ల, నైట్రిక్ ఆక్సైడ్ వల్లా, సైనైడ్ వల్లా?

ఇప్పుడు ద్రావణం ఎప్పటికప్పుడు కలుపుతున్నా, లేత ఎర్రటి ఆ ద్రావణం ఉన్న సీసాకు వెలుతురు తగలకుండా ఫాయిల్ చుడుతున్నా. ట్రేలన్నీ ఒకే లైటు కింద. పోల్చి చూడటానికి పక్కన వాయువంతా పోయిన పాత ద్రావణంతో ఒక ట్రే, సైనైడ్ ఉన్నా నైట్రిక్ ఆక్సైడ్ ఇవ్వని ఫెర్రిసైనైడ్‌తో ఇంకోటి తప్పనిసరి. నైట్రిక్ ఆక్సైడ్ వదిలే, సైనైడ్ లేని జీఎస్‌ఎన్‌ఓ (ఎస్-నైట్రోసోగ్లూటాథయోన్) అనే మరో రసాయనంతోనూ అదే ఫలితం వస్తేనే రికార్డులో నైట్రిక్ ఆక్సైడ్ పేరు రాస్తాను. నైట్రిక్ ఆక్సైడ్‌ను గుర్తించడానికి వాడే డాఫ్ అనే రంగు ఆకుపచ్చగా మెరిసినా సరే, అదొక్కటే నాకు సాక్ష్యం కాదు.